వాలై కోసం క్రాంక్‌బెయిట్: లైన్ కొసన ఏం కట్టాలి, ఎందుకు కట్టాలి

మే నెల సాయంత్రాల్లో, అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఈరీ సరస్సు పడమటి వైపు పడవలు బారులు తీరి మెల్లగా పోతుంటాయి. ఒక్కో పడవ వెనక నాలుగైదు బొమ్మ ఎరలు ఈదుతూ వస్తుంటాయి. పక్కపక్కనే పోయే రెండు పడవల్లో ఎర అదే, రంగు అదే, లోతు అదే. అయినా ఒకళ్ళకు చేప మీద చేప పడుతుంది, రెండోవాళ్ళకు వచ్చి తట్టి వెళ్ళిపోతుంది. ఆ తేడా ఎక్కడుందో వెతుక్కుంటూ నేను కొత్త ఎరలకు చాలా డబ్బు పోశాను. చివరికి అది ఎర ముక్కుకు తగిలించిన చిన్న లోహపు ముక్కలో, తోక కింద వేలాడే మొద్దుబారిన కొక్కెంలో దొరికింది.

నేను గోదావరి కాలువ గట్టున గాలం నేర్చుకున్నవాణ్ణి. వెదురు గెడ, నైలాన్ దారం, జీలుగ బెండు, వానపాము గుచ్చిన ఒక్క గాలం, అంతే సరంజామా. ఎరను కదిలించే పని మనకు ఉండేది కాదు, వానపాము దానంతట అదే మెలికలు తిరిగేది. క్రాంక్‌బెయిట్ అలా కాదు. అది చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన చేప బొమ్మ. గడ్డం కింద ఉన్న రేకు నీటిని తోసినప్పుడే అది కిందికి మునుగుతుంది, అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు పోతే చేప దాని వంక కూడా చూడదు. కాబట్టి స్నాప్ (తెరిచి మూసే చిన్న వైరు క్లిప్పు), రింగు, కొక్కెం, లీడర్, బరువు, ఏది కట్టినా రెండు చూసుకోవాలి. చేప పెనుగులాటకు అది తట్టుకోవాలి. ఎర ఊపుకు అడ్డు రాకూడదు.

ముందు చేప సంగతి

వాలై మంచినీటి చేప, పెర్చ్ కుటుంబానికి చెందినది. ఉత్తర అమెరికాలో ఆ కుటుంబంలో ఇదే పెద్దది. పిల్లి కంట్లో ఉన్నట్టే దీని కంట్లోనూ వెలుతురును తిరిగి కొట్టే పొర ఉంటుంది, టార్చి వేస్తే కళ్ళు మెరుస్తాయి. అందుకే తెల్లవారుజామున, పొద్దు వాలాక, అలలకు నీళ్ళు కలకబారినప్పుడు ఇది బాగా వేటాడుతుంది. నోట్లో కోరపళ్ళు ఉంటాయి గానీ పైక్ చేప పళ్ళలా లైన్‌ను కోసేవి కావు. నోరు చాలావరకు గట్టి ఎముక, అక్కడక్కడా పల్చని పొర. మొద్దు కొక్కెం ఎముక మీద జారిపోతుంది. పల్చని పొరలో దిగిన కొక్కెం, మనం గట్టిగా లాగితే రంధ్రం పెద్దదై ఊడిపోతుంది. పైగా చల్లటి నీళ్ళలో ఇది ఎర మీద విరుచుకుపడదు, వెనకే వచ్చి తోకను కొరికి చూస్తుంది. కింద చెప్పేవాటికి కారణాలన్నీ ఇక్కడే ఉన్నాయి.

మొదటి అడుగు: ముక్కు దగ్గర స్నాప్ ఒక్కటే

ఎర ముక్కుకు వైరుతో చేసిన చిన్న కన్ను ఉంటుంది. దానికి స్ప్లిట్ రింగు, అంటే తాళంచెవుల గుత్తికి ఉండేలాంటి చుట్ల రింగు, ఉందో లేదో ముందు చూడండి. రేపాలా కంపెనీ వారి పాత తరహా తేలే మిన్నోలకు (సన్నటి చేప ఆకారపు ఎరలకు) రింగు ఉండదు, కన్ను మాత్రమే ఉంటుంది. లోతుకు మునిగే చాలా ఎరలకు రింగు తగిలించే అమ్ముతారు. ముక్కు అటూ ఇటూ స్వేచ్ఛగా తిరగాలంటే ఒక్క గుండ్రటి కీలు కావాలి. ఒకటి చాలు, రెండు వద్దు. రింగు ఉంటే లైన్‌ను నేరుగా రింగుకే కట్టొచ్చు. లేదా రింగు తీసేసి స్నాప్ పెట్టొచ్చు. రింగు లేకపోతే స్నాప్ పెట్టండి, లేదా వదులుగా ఉచ్చులా ఉండే ముడి వేయండి. రింగు లేని కంటికి ముడిని బిగించి కట్టడం మాత్రం మంచిది కాదు. ముక్కు బిగుసుకుపోయి ఊపు తగ్గుతుంది. ముడి కంటికి ఒక పక్కకు జరిగిందంటే ఎర కూడా ఆ పక్కకే పోతుంది.

నేనైతే రింగు తీసేసి స్నాప్ పెడతాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్న ఏప్రిల్ ఉదయాన, ఎర మార్చిన ప్రతిసారీ కొత్త ముడి వేయడం కంటే స్నాప్ తెరిచి మూయడం ఎంతో నయం. ముడి తొందరలో వేస్తే అది చేప ఉన్నప్పుడే జారుతుంది.

స్నాప్ కొనేటప్పుడు దాని అడుగు భాగం చూడాలి. గుండ్రంగా, వెడల్పుగా తిరిగిన వంపు ఉంటే ఎర కన్ను అందులో ఎటైనా కదులుతుంది. డ్యుయోలాక్ అనే రకం ఇలాగే ఉంటుంది, నా పెట్టెలో ఎక్కువ అవే. అడుగున కోసుగా, ఇరుకుగా ఉన్నవాటిలో కన్ను ఒక మూలన ఇరుక్కుపోతుంది. ఇక బలం. 10 పౌండ్ల లైన్‌కు 20 పౌండ్ల దరిదాపు బలమున్న చిన్న స్నాప్ సరిపోతుంది. 50 పౌండ్లది పెడితే బలం పెరుగుతుంది కదా అనుకుంటాం, కానీ దాని బరువంతా ముక్కు మీదే పడుతుంది.

అలాగని మరీ పల్చని తీగతో చేసినవీ వద్దు. మొదటి ఏడాది నేను చవకగా దొరికిందని ఒక ప్యాకెట్ కొన్నాను, సేఫ్టీ పిన్నులా తెరుచుకునే రకం. పడవ దాకా వచ్చిన పెద్ద ఆడ వాలై ఒక్కసారి తల విదిలించింది. లైన్ వదులైంది. పైకి లాగి చూస్తే స్నాప్ నోరు తెరుచుకుని ఉంది, ముడి మాత్రం చెక్కు చెదరలేదు. ఎర చేప నోట్లోనే ఉండిపోయింది. ఆ చేప తర్వాత ఏమైందోనన్న దిగులు చాలా రోజులు నన్ను వదల్లేదు. ఇప్పుడు కొత్త ప్యాకెట్ ఏది కొన్నా, ఒక స్నాప్‌ను మూసి రెండు ప్లయర్లతో లాగి చూశాకే వాడతాను.

ఇక స్వివెల్ మాట, అంటే గిరగిరా తిరిగే చిన్న కీలు. స్నాప్, స్వివెల్ కలిపి ఒకే ముక్కగా అమ్ముతారు, కొత్తవాళ్ళు ఎక్కువగా అదే కొంటారు. క్రాంక్‌బెయిట్ ముక్కుకు అది వద్దు. స్వివెల్ ఉన్నది లైన్ మెలి పడకుండా. సరిగ్గా ఈదే క్రాంక్‌బెయిట్ ఊగుతుందే గానీ గిరగిరా తిరగదు, కాబట్టి మెలి పడదు. పడుతోందంటే ఎర వంకరగా ఈదుతోందన్న మాట. దాన్ని సరిచేయాలి గానీ స్వివెల్ తగిలించి ఆ లోపాన్ని దాచకూడదు. చిన్న ఎరల విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. రెండున్నర అంగుళాల తేలే ఎరకు బరువైన స్వివెల్ పెట్టి, గిన్నెడు నీళ్ళలో వేసి చూడండి, ముక్కు కిందికి వాలిపోతుంది.

స్నాప్‌కు వేసే ముడి అల్లిక లైన్‌కైనా, ఒంటి పోగు లైన్‌కైనా పాలోమార్ బాగుంటుంది. బిగించే ముందు ముడిని ఉమ్మితోనో నీళ్ళతోనో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి లైన్ అక్కడే బలహీనపడుతుంది.

రెండో అడుగు: తోక దగ్గర కొక్కెం

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ట్రోలింగ్‌లో, అంటే పడవ నడుపుతూ ఎరను వెనక ఈడ్చుకుపోయే పద్ధతిలో, చేప వెనక నుంచి వస్తుంది. ఎక్కువసార్లు దాని నోటికి తగిలేది వెనక ఉన్న మూడు ముళ్ళ కొక్కెమే. అంటే చిన్న ఎర మీద అంత పెద్ద చేపను ఆపేది ఒక ముల్లు మొన.

కొత్త ఎర పెట్టెలోంచి తీయగానే కొక్కేన్ని బొటనవేలి గోరు మీద ఆనించి, నొక్కకుండా పక్కకు లాగండి. మొన గోటిని పట్టుకుంటే పదును ఉన్నట్టు. జారితే లేనట్టు. మూడు మొనలనూ విడివిడిగా చూడాలి. రాళ్ళకు తగిలిన ప్రతిసారీ, చేపను తీసిన ప్రతిసారీ మళ్ళీ చూడాలి. ఈ రోజుల్లో మంచి కొక్కేలకు రసాయనంతో పదును పెడతారు, వాటిని ఆకురాయితో రుద్దితే మొదటి పదును తిరిగి రాదు. మార్చేయడమే మేలు. ఎర ధరతో పోలిస్తే కొక్కెం ఖర్చు చాలా తక్కువ.

మార్చేటప్పుడు మూడు విషయాలు చూడాలి.

సైజు. ఇక్కడ అంకె పెరిగితే కొక్కెం చిన్నదవుతుంది. 6 కంటే 4 పెద్దది. చేపలు తట్టి వదిలేస్తుంటే వెనక కొక్కేన్ని ఒక్క సైజు పెంచి చూడొచ్చు. అంతకు మించితే ముందు కొక్కెం, వెనక కొక్కెం ఒకదానికొకటి తగులుకుంటాయి. రెండిటినీ ఎదురెదురుగా చాపి చూస్తే మొనల మధ్య ఖాళీ మిగలాలి.

తీగ మందం. సముద్రపు చేపల కోసం చేసే బాగా మందమైన తీగ కొక్కేలు వాలైకి అక్కర్లేదు. మందమైన మొన ఎముకలోకి దిగాలంటే గట్టి లాగుడు కావాలి. మనమేమో గంటకు మైలున్నర వేగంతో మెల్లగా పోతుంటాం. మామూలు మందం, మంచి పదును చాలు.

వంపు. గుండ్రటి వంపు ఉండి మొన నిటారుగా ఉన్న రకం, కొంచెం కొరికినా త్వరగా దిగుతుంది. మొన లోపలికి తిరిగిన వెడల్పు వంపు రకం దిగడానికి కాస్త తడుముకుంటుంది, దిగితే మాత్రం ఊడదు. వసంతంలో, చేపలు బద్ధకంగా కొరికే కాలంలో నేను గుండ్రటి వంపే వాడతాను. వేసవిలో వేగం పెంచి ప్లేనర్ బోర్డులతో (లైన్‌ను పడవకు పక్కగా దూరంగా తీసుకుపోయే తేలే పలకలతో) లాగేటప్పుడు చేప దానంతట అదే గట్టిగా తగులుకుంటుంది, అప్పుడు రెండో రకం బాగా పనిచేస్తుంది.

కొక్కెం మార్చాక నీళ్ళ పరీక్ష తప్పనిసరి, ముఖ్యంగా లాగడం ఆపితే నీటి మధ్యలో నిలిచిపోయే రకం ఎరలకు. బకెట్‌లో నీళ్ళు పోసి మార్చక ముందు ఒకసారి, మార్చాక ఒకసారి వేసి చూడండి. ముందు నిలిచి ఇప్పుడు మునిగితే కొక్కెం బరువెక్కినట్టే. నీళ్ళు సరస్సు నీళ్ళంత చల్లగా ఉండాలి. చల్లటి నీరు చిక్కన, అందులో ఎర ఎక్కువ తేలుతుంది. వంటింటి కుళాయిలోని గోరువెచ్చని నీళ్ళలో చూసుకుని వెళ్తే ఏప్రిల్ సరస్సులో లెక్క తప్పుతుంది.

కొక్కెం ముల్లుకు వెనక ఉండే ఎదురు ముల్లును ప్లయర్‌తో నొక్కి అణచడం నాకు అలవాటు. లైన్ వదులు కానివ్వకపోతే చేపలేమీ పోవు. చిన్న చేపను వదిలేయడం సులువు, మన వేలికి గుచ్చుకున్నా తీయడం సులువు. కెనడాలోని మానిటోబాలో అయితే ఎదురు ముల్లు లేని కొక్కేలే వాడాలని నియమం ఉంది.

కొక్కేన్ని ఎరకు కలిపే రింగు గురించి ఒక్క మాట. ఎరతో వచ్చిన సైజే వాడండి. రింగు చుట్ల మధ్య సందు కనబడితే పారేయండి. మార్చడానికి కొసన చిన్న పన్ను ఉన్న స్ప్లిట్ రింగ్ ప్లయర్ కొనుక్కోండి. గోళ్ళతో తెరిస్తే గోరూ పోతుంది, రింగూ సాగుతుంది.

మూడో అడుగు: లీడర్ ఉండాలా?

లీడర్ అంటే అసలు లైన్‌కూ ఎరకూ మధ్య కట్టే వేరే రకం లైన్ ముక్క. అసలు లైన్ ఒంటి పోగు నైలాన్ అయితే, నీళ్ళు మురికిగా ఉంటే, లీడర్ అవసరం లేదు. స్నాప్‌ను నేరుగా కట్టేయండి. అనవసరంగా ఇంకో ముడి ఎందుకు?

అల్లిక లైన్ వాడితే మాత్రం కట్టాలి. అది సాగదు, నీళ్ళలో స్పష్టంగా కనబడుతుంది, మెత్తగా ఉండి కొక్కేలకు చుట్టుకుంటుంది. 10 నుంచి 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీళ్ళలో అంతగా కనబడని ఒంటి పోగు) లీడర్ కడితే ఈ ఇబ్బందులు చాలావరకు తీరతాయి. రాడ్‌తో విసిరే పద్ధతికి మూడు నాలుగు అడుగులు చాలు, దాన్ని డబుల్ యూని ముడితో కలిపితే రాడ్ రింగుల్లోంచి సాఫీగా పోతుంది. ట్రోలింగ్‌కు ఆరడుగుల దాకా పెట్టొచ్చు. అప్పుడు రెండు లైన్ల మధ్య చిన్న బ్యారెల్ స్వివెల్ వాడొచ్చు. ఎర ముక్కు దగ్గర వద్దన్న స్వివెల్ ఆరడుగుల ముందు ఉంటే ఊపుకు అడ్డు రాదు. పైగా లైన్ మీదుగా జారుతూ వచ్చే తేలుడు నాచును అదే ఆపేస్తుంది. ఎర గడ్డానికి ఒక్క పోగు నాచు చుట్టుకున్నా ఊపు పోతుంది, కాబట్టి ఈ ఉపకారం చిన్నది కాదు. లీడర్ మాత్రం రాడ్ కంటే పొడవు ఉండకూడదు. స్వివెల్ రాడ్ కొసన ఆగిపోతుంది, చేప వలకు అందనంత దూరంలో మిగిలిపోతుంది.

పైక్, దాని జాతిదే అయిన మస్కీ తిరిగే చోట, ఉదాహరణకు సెయింట్ క్లెయిర్ సరస్సులో, ఎరలు వరసగా తెగిపోతుంటే పల్చని టైటానియం వైరు లీడర్ కట్టక తప్పదు. వైరు బరువుకు ఎర కొంత ఊపు కోల్పోతుంది, అందుకని ఆ చేపలు లేని చోట వాడను.

అల్లిక లైన్ వాడేవాళ్ళు లోతు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఎర ఎంత లైన్‌కు ఎంత లోతు పోతుందో చెప్పే పట్టికలు ఎక్కువగా 10 పౌండ్ల ఒంటి పోగు నైలాన్‌తో లెక్కగట్టినవి. సన్నటి అల్లిక లైన్‌ను నీరు తక్కువగా అడ్డుకుంటుంది కాబట్టి అదే ఎర ఇంకా కిందికి పోతుంది. పడమటి ఈరీ సగటు లోతు పాతిక అడుగులైనా లేదు. అడుగున రాళ్ళు, రాళ్ళ నిండా కత్తిలాంటి అంచులున్న జీబ్రా ఆల్చిప్పలు. 1980ల చివర్లో ఈ సరస్సుకు వచ్చిపడ్డాయి అవి. రెండు మూడడుగుల లెక్క తప్పినా ఎర పోతుంది.

నాలుగో అడుగు: బరువు ఎక్కడ తగిలించాలి

చల్లటి నీళ్ళలో చిన్న ఎరను మెల్లగా లాగాలి, కానీ చేప లోతులో ఉంటుంది. ఎర దానంతట అది అంత లోతుకు పోదు. అప్పుడు బరువు సాయం కావాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పు, సీసం గుండును ఎరకు జానెడు దూరంలో తగిలించడం. అలా చేస్తే ఎర ఈదదు, గుండు వెనక ఈడ్చుకుపోతుంది.

స్నాప్ వెయిట్ పద్ధతి మంచిది. బట్టల క్లిప్పులా లైన్‌ను పట్టుకునే క్లిప్పుకు బరువు వేలాడుతుంది. ఈరీ మీద పాతుకుపోయిన లెక్క ఒకటుంది: ముందు ఎరను 50 అడుగులు వదలాలి, అక్కడ క్లిప్పు తగిలించాలి, మళ్ళీ 20 అడుగులు వదలాలి. బరువుకు 50 అడుగుల వెనక ఎర హాయిగా ఈదుతుంది. అరౌన్సు నుంచి మూడు ఔన్సుల దాకా రకరకాల బరువులు దగ్గర పెట్టుకుని, ఒక్కో రాడ్‌కు ఒక్కోటి తగిలించి చేపలు ఏ లోతులో ఉన్నాయో వెతకొచ్చు. క్లిప్పు దవడల మధ్య చిన్న పిన్ను ఉన్న రకం కొనండి, లైన్‌ను ఆ పిన్ను వెనక్కి వేస్తే అల ఎంత కొట్టినా క్లిప్పు ఊడి నీళ్ళలో పడదు. చేపను లాగేటప్పుడు క్లిప్పు రాడ్ కొస దాకా రాగానే పక్కనున్నవాళ్ళు దాన్ని తీసేయాలి. ఆ క్షణంలో లైన్ వదులు కాకూడదు, తీసేవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి.

లోపల సీసం తీగ ఉండే లెడ్‌కోర్ లైన్ మరో దారి. పది గజాలకోసారి రంగు మారుతుంది, ఎంత వదిలామో రంగులు లెక్కపెట్టుకోవచ్చు. దానికి కొసన కనీసం 20, 30 అడుగుల పొడవు లీడర్ ఉండాలి, లేకపోతే మందమైన ఆ లైన్ ఎర పక్కనే కనబడుతుంది. ఇంత పొడవు లీడర్‌కు స్వివెల్ కుదరదు, ముడితోనే కలపాలి.

డెట్రాయిట్ నదిలో ఇంకో పద్ధతి చూశాను, చూసి మనసు కాలువ గట్టు మీదికి పోయింది. రాడ్ ఉండదు. పడవ అంచున స్ప్రింగు చక్రం, దానికి వైరు, వైరు కొసన పౌండు నుంచి పౌండున్నర బరువు. బరువుకు పైన వేర్వేరు ఎత్తుల్లో లీడర్లు, వాటికి తేలే మిన్నోలు. మనిషి చేత్తో వైరు పట్టుకుని, ప్రవాహానికి ఎదురుగా మెల్లగా పోతూ, బరువు నేలను తాకుతోందో లేదో వేళ్ళతోనే తెలుసుకుంటాడు. బరువంతా నేల దగ్గర, ఎర మాత్రం లీడర్ చివర స్వేచ్ఛగా. స్నాప్ వెయిట్‌లో ఉన్న ఆలోచనే ఇదీ.

ఐదో అడుగు: పడవ పక్కన చూడకుండా వదలొద్దు

అన్నీ కట్టాక ఎరను ఐదారడుగుల లైన్‌తో పడవ పక్కన వేసి, అనుకున్న వేగంతో నడపండి. నిటారుగా, రెండు వైపులా సమానంగా ఊగుతూ రావాలి. తర్వాత వేగం కొంచెం పెంచండి. ఒక పక్కకు ఒరిగి పైకి తేలుతుంటే ముక్కు కన్ను వంకరగా ఉన్నట్టు. ఎర వెనక నుంచి చూస్తే కుడికి పోతుంటే కంటిని ఎడమకు, ఎడమకు పోతుంటే కుడికి, సన్న మూతి ప్లయర్‌తో వెంట్రుకవాసి వంచండి. మెలితిప్పకండి. కన్ను వదులైతే ఆ ఎర ఇక కుదురుకోదు. ప్రతి చేప తర్వాతా మళ్ళీ ఇలాగే చూడాలి, ఎందుకంటే వలలో కొట్టుకునేటప్పుడు కన్ను వంగిపోతుంది.

ఒహాయోలో 16 ఏళ్ళు నిండినవాళ్ళకు లైసెన్సు ఉండాలి, ఈరీ వాలై 15 అంగుళాలకు తగ్గితే వదిలేయాలి. మిన్నెసోటాలో మంచు లేని కాలంలో మామూలుగా మనిషికి ఒక్క లైనే. ఎన్ని ఎరలు కట్టి సిద్ధం చేసుకోవాలో ఈ నియమాలను బట్టే ఉంటుంది, కాబట్టి బయల్దేరే ముందు ఆ ఏటి నియమాలు చూసుకోండి.

తెగిన కొసను చూడడం

ఎర పోయినప్పుడు విసుగుతో కొత్తది కట్టేయకండి. ముందు లైన్ కొసను వెలుతురులో పెట్టి చూడండి. పంది తోకలా చుట్టుకుని ఉంటే ముడి జారింది, పాలోమార్‌ను తడిపి మళ్ళీ నేర్చుకోవాలి. కొసకు ముందు కొన్ని అంగుళాల పొడవునా గరుకుగా గీతలు పడి ఉంటే రాళ్ళు, ఆల్చిప్పలు. లైన్ ఎక్కువ వదిలారు, తగ్గించండి, ఆ గరుకు భాగమంతా కోసేసి కట్టండి. కత్తిరించినట్టు నున్నగా తెగితే పైక్ పని కావచ్చు, అదే చోట రెండోసారీ జరిగితే వైరు లీడర్ తీయండి. స్నాప్ తిరిగి వచ్చి ఎర రాకపోతే తప్పు స్నాప్‌దే, ఆ ప్యాకెట్‌లో మిగిలినవి కూడా పక్కన పెట్టేయండి. ఎర వచ్చి చేప రాకపోతే వెనక కొక్కేన్ని గోటి మీద ఆనించి చూడండి.